మద్రాసు పత్రికలో పుట్టిన కుట్టు

నెలలు నిండకముందే గర్భసంచి మూతి తెరుచుకుని కడుపు పోయే స్త్రీలకు డాక్టర్లు వేసే కుట్టు ఒకటుంది. శిరోద్కర్ కుట్టు అంటారు. ఏ దేశంలో ప్రసూతి వైద్యం చదివినా ఈ పేరు చదవాల్సిందే. అలాంటి కుట్టు సంగతి మొట్టమొదట అచ్చయింది మన మద్రాసులో, 1955లో, ‘యాంటిసెప్టిక్’ అనే వైద్య పత్రికలో! లండన్ పత్రికల్లో వస్తే తప్ప వైద్యుడికి పేరు రాని కాలమది. ఈ ఒక్క ముక్క తెలిసిన దగ్గర్నుంచి నాకు దీని వెనకాల పడక తప్పలేదు.

1904లో మొదలైన ఆ పత్రికకు సంపాదకుడిగా ఉన్నవాడు డాక్టర్ టి.ఎం. నాయర్. 1916లో పిట్టి త్యాగరాయ చెట్టితో కలిసి జస్టిస్ పార్టీ పెట్టిన నాయరే ఈయన. రాజకీయాల్లో ఆయన పేరు నిలిచింది కానీ, పత్రిక మాట ఎవరూ ఎత్తరు.

కడుపు నిలవకపోవడం కొత్త బాధ కాదు. నాలుగో నెల దాకా పోతే గర్భస్రావమనీ, అయిదారు నెలల్లో పోతే గర్భపాతమనీ సుశ్రుతుడు ఏనాడో విడదీసి చెప్పాడు. గర్భసంచి మూతి వదులైతే బిడ్డ నిలవదని 17వ శతాబ్దపు యూరప్ వైద్య గ్రంథాలు రాశాయి. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు వైద్యం చెప్పుకోదగ్గంత ముందుకు నడవలేదు. పడుకోమన్నారు, మందులిచ్చారు, దేవుడిదే భారమన్నారు. 1950లో అమెరికాలో లాష్ ఇంటిపేరున్న ఇద్దరు వైద్యులు మూతిని బాగుచేసే ఆపరేషన్ ఒకటి చెప్పారు కానీ, అది కడుపుతో లేనప్పుడు చేసేది.

ఇక్కడే శిరోద్కర్ వస్తాడు. విఠల్ నాగేశ్ శిరోద్కర్ 1899లో గోవాలోని శిరోడాలో పుట్టాడు. బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదివాడు, 1931లో ఇంగ్లండ్‌లో ఎఫ్‌ఆర్‌సీఎస్ అందుకున్నాడు, తిరిగొచ్చి చదివిన చోటే పాఠాలు చెప్పాడు. నాలుగో నెలకూ ఏడో నెలకూ మధ్య మళ్లీ మళ్లీ కడుపు పోతున్న స్త్రీలు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఎంత విశ్రాంతి ఇచ్చినా, ఏ హార్మోన్ సూదులు వేసినా వాళ్లకు ఫలితం లేదు. ఆయన వాళ్లను పదే పదే చేత్తో పరీక్షించి చూశాడు. నొప్పులు రాకుండానే గర్భసంచి మూతి లోపలి ద్వారం నెమ్మదిగా విచ్చుకుంటోంది. దోషం బిడ్డలోనూ లేదు, రక్తంలోనూ లేదు. బరువు మోయాల్సిన ఆ ద్వారంలోనే బిగువు లేదు. స్కానింగ్ యంత్రం లేని రోజుల్లో వేలి కొసతో తేల్చిన సంగతి ఇది.

మద్రాసు పత్రికలో ఆయన చెప్పింది ముప్పై మంది గురించి. కొందరికి అప్పటికే తొమ్మిది నుంచి పదకొండు కడుపులు పోయాయి. పదకొండు సార్లు! ఆపరేషన్‌లో మూతి ముందువైపు పొరను కోసి మూత్రాశయాన్ని పైకి జరుపుతారు, వెనకవైపు ఇంకో గాటు పెడతారు. ఆ పొర కిందుగా రెండు పక్కలా సూదిని పోనిచ్చి, లోపలి ద్వారం ఎత్తులో చుట్టూ కట్టు బిగిస్తారు. ఆ కట్టుకు ఆయన వాడింది ఆ తల్లి తొడలోంచి తీసిన గట్టి పొర చీలికనే. ఆమె ఒంటి నారతోనే ఆమె బిడ్డను నిలబెట్టిన ఉపాయమది. తర్వాత మెర్సిలీన్ టేపు వచ్చి ఆ చీలిక అవసరం లేకుండా చేసింది. ఆయన పేరు దక్కింది, ఆ ముప్పై మంది పేర్లు ఎక్కడా లేవు. అన్నిసార్లు కోల్పోయి, ఎవరూ ఎరగని కోతకు మళ్లీ ఒప్పుకున్న ఆ స్త్రీల ధైర్యం చరిత్రకెక్కకపోవడం అన్యాయమే.

1957లో మెల్‌బోర్న్‌లో ఇయన్ మెక్‌డొనాల్డ్ పని తేలిక చేశాడు. మూత్రాశయాన్ని కదపకుండా, మూతి చుట్టూ నాలుగైదు చోట్ల దారం గుచ్చి, సంచి మూతికి తాడు లాగినట్టు బిగించడమే. ఇప్పుడు ఎక్కువగా వేసేది ఇదే. 1965లో బెన్సన్, డర్ఫీ పొట్ట కోసి పైనుంచి వేసే పద్ధతి చెప్పారు.

వేలి కొస తెలివి అనగానే నాకు పావగడ గుర్తొస్తుంది. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా, ఆ తాలూకాకు చుట్టూ చాలామేర ఆంధ్ర సరిహద్దే. ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. అక్కడి కృష్ణాపురం మంత్రసాని సూలగిత్తి నరసమ్మ మాతృభాష తెలుగే. బడికి వెళ్లలేదు. అవ్వ మరిగెమ్మ దగ్గర పని నేర్చుకుని, 1940లో ఇరవై ఏళ్లప్పుడు తొలి కాన్పు చేసింది. డెబ్బై ఏళ్లలో డబ్బు తీసుకోకుండా 15,000కు పైగా కాన్పులు చేసిందంటారు. పొట్టమీద చెయ్యి పెట్టి బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పేదట. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, 2018లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడు డిసెంబరు 25న కన్నుమూసింది. శిరోద్కర్ వేళ్లకు తెలిసింది కాగితం మీదికెక్కి ప్రపంచమంతా తిరిగింది. నరసమ్మ లాంటివాళ్ల చేతులకు తెలిసింది కూర్చుని రాసుకున్నవాళ్లు లేరు. అవార్డులిచ్చిన చేత్తోనే ఒక నోట్‌బుక్కూ పెన్నూ ఇచ్చి ఎవరినైనా ఆమె పక్కన కూర్చోబెట్టి ఉండాల్సింది.

మళ్లీ కుట్టు సంగతికొస్తే, అది అందరికీ కాదు. కుట్టు వెయ్యాలా వద్దా అని డాక్టర్లే తేల్చుకోలేని 1,292 మంది గర్భిణుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1993లో వచ్చాయి. 33 వారాల్లోపు కాన్పయినవారు కుట్టు వేసినవారిలో నూటికి 13 మంది, వేయనివారిలో 17 మంది. తేడా ఉంది, కానీ అద్భుతం కాదు. అందుకే ఇప్పుడు ముందటి కాన్పుల చరిత్ర అడుగుతారు, స్కానింగ్‌లో మూతి పొడవు కొలుస్తారు. నెలలు నిండకుండా ముందొక కాన్పయి ఉండి, ఈసారి ఆ పొడవు 25 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే కుట్టు గురించి ఆలోచిస్తారు.

పావగడలోనో మడకశిరలోనో ఇది చదివే అక్కచెల్లెళ్లకు ఒక మాట. అయిదో నెలలోనో ఆరో నెలలోనో నొప్పులు లేకుండా కడుపు పోయి ఉంటే, మళ్లీ నెల తప్పగానే ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడొద్దు, అత్తగారు వద్దన్నా ఆగొద్దు. అవసరమైతే ఈ కుట్టు మూడో నెల దాటగానే, 12 నుంచి 14 వారాల మధ్య వేస్తారు. 36, 37 వారాలకు విప్పేస్తారు.