ఎన్నికల వాగ్దానములు - పూచీ విచారము

మాట యిచ్చుటను దెలుపు పదములు తెలుగున పెక్కు గలవు. వాగ్దానము, ప్రతిజ్ఞ సంస్కృతమునుండి వచ్చినవి. హామీ, ఖరారు, జామీను అనునవి ఉరుదూ ద్వారమున మన కచేరీలకును, అంగళ్ళకును చేరినవి. ఇటీవల ఎన్నికల గోడప్రతులపై గ్యారంటీ యను ఇంగ్లీషు మాట ప్రబలినది. ఇవి యన్నియు నొక్క బరువు గలవి కావు. వాగ్దానమునకు ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు నుండిన చాలును. పూచీకి మూడవవాడు గావలెను. అప్పుపడినవాడు తప్పిన నాడు ఆ మూడవవాని గుమ్మము త్రొక్కవచ్చును. ఎన్నికలవేళ నిచ్చిన మాటను తప్పిన నాయకుని నిలదీయవచ్చునా, నిలదీయువారెవరు, ఏ చోట, ఏ యధికారముతో నను ప్రశ్నను మేమీ పూచీ యను పదము వెంటబడి పరిశీలింపదలచితిమి.

ఇందులకు క్షేత్రముగ హైదరాబాదు నడుమ నొకదాని కొకటి యానుకొనియున్న అమీరుపేట, పంజగుట్టలను గ్రహించితిమి. పంజగుట్టలో పూర్వము నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి యనబడి, నేడు నిమ్స్ అను పేర వ్యవహరింపబడు వైద్యాలయము కలదు. అచ్చటికి సమీపముననే ముఖ్యమంత్రుల క్యాంపు కార్యాలయ ముండెను. అమీరుపేట సనత్‌నగర్ శాసనసభా నియోజకవర్గములోనిది. ఉద్యోగపరీక్షలకును, కంప్యూటరు విద్యలకును శిక్షణ పొందగోరి జిల్లాలనుండి వచ్చిన యువకులతో ఆ వీథులు నిండియుండును. ఈ రెండు పేటలను దాటకయే మా ప్రశ్నకు వలసిన సాక్ష్యము చాలవరకు లభించును. ఐనను కథ మొదలైనది మాత్రము ఢిల్లీలో.

1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలోని హైదరాబాదు భవనమున ఆంధ్ర, తెలంగాణ నాయకులొక యొప్పందమునకు వచ్చిరి. ఆంధ్రపక్షమున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ పక్షమున బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె. వి. నర్సింగరావు. తెలంగాణ మిగులు ఆదాయము తెలంగాణముననే వెచ్చింపవలెననియు, అచ్చటి ఉద్యోగములకు పండ్రెండేండ్ల నివాసము ఉండవలెననియు, మంత్రివర్గము అరువది నలుబది పాళ్ళలో నుండవలెననియు, ముఖ్యమంత్రి యొక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు గావలెననియు నందు గలదు. ఇది ఎన్నికల వాగ్దానము కాదని యెవరైన ననవచ్చును. ఓటరుల యెదుట పలికిన మాట కాదన్నది నిజమే. కాని యొక ప్రాంతపు ప్రజలను ఐక్యతకు సమ్మతింపజేయుటకై నాయకులిచ్చిన మాట గనుక, తెలుగునాట తరువాత వచ్చిన వాగ్దానభంగ వివాదములకు మాతృక యిదియే యని మా యభిప్రాయము.

దీనికి ఇంగ్లీషున వాడిన పేరు తెలుగున ‘పెద్దమనుషుల ఒప్పందము’ అయినది. ఈ తర్జుమాలో నొక చిత్రము గలదు. ఇంగ్లీషున ఆ మాటకు న్యాయస్థానమున చెల్లనిది, కేవలము మర్యాదపై నిలుచునది యని యర్థము. తెలుగు పల్లెలో పెద్దమనుషులనగా తగవు తీర్చువారు. వారి యెదుట కుదిరిన మాట కోర్టు తీర్పుకంటెను గట్టిది. ఏలయన తప్పినవాడు ఊరిలో తలయెత్తుకొని తిరుగలేడు. సంతకము చేసినవారు చట్టబద్ధము కాని మాటగా దానిని తలచియుండవచ్చును. వినిన జనము చట్టమును మించిన మాటగా వినిరి. ఒకే పత్రము రెండు భాషలలో రెండు బరువులు తూగినది. పూచీపడిన మూడవవాడు లేడు. పెద్దమనుషులే కక్షిదారులు, పెద్దమనుషులే మధ్యవర్తులు.

ఫలిత మెట్లుండెనో చూతము. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. సంజీవరెడ్డి ముఖ్యమంత్రి యయ్యెను. ఆ మంత్రివర్గమున ఉపముఖ్యమంత్రి లేడు. ఆ పదవి ఆరవ వ్రేలివంటిదని ఆయన యన్నట్లు నేటికిని చెప్పుకొందురు. ఒప్పందములోని అంశములలో చట్టరూపము దాల్చినవి కొంతకాలము నడచినవి. ప్రాంతీయ సంఘము రాజ్యాంగసవరణ మూలమున 1958లో నేర్పడెను. నివాసనిబంధనకు 1957లో పార్లమెంటు చట్టము చేసెను. కేవలము మాటపై నిలిచినవే మొదట జారినవి. మిగులు నిధుల లెక్క పండ్రెండేండ్లు తేలలేదు. 1969లో ఉద్యమము చెలరేగిన పిమ్మట లలిత్ కమిటీ ఆ మొత్తము 34.10 కోట్లనియు, భార్గవ కమిటీ 28.34 కోట్లనియు లెక్కగట్టినవి. మొత్తమునందు భేదించినను, మిగులు ఖర్చుకాలేదను విషయమున రెండును నేకీభవించినవి. నివాసచట్టముసైతము నిలువలేదు. 1969 మార్చి 28న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. చట్టమైన మాటకు కూడ న్యాయస్థానమున గండము గలదన్న సంగతి మన విచారమున మరువరాదు.

ఇక అసలైన ఎన్నికల వాగ్దానమునకు వత్తము. 1971 లోకసభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి ప్రత్యేక రాష్ట్రమను నొక్క మాటపై నిలిచి, తెలంగాణలోని 14 స్థానములలో 10 గెలిచెను. దాని నాయకుడు మర్రి చెన్నారెడ్డి, 1956 పత్రమున సంతకము చేసినవారిలో నొకడు. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే ప్రజాసమితి కాంగ్రెసులో విలీనమయ్యెను. కాసు బ్రహ్మానందరెడ్డి తొలగి, తెలంగాణమువాడైన పి. వి. నరసింహారావు ముఖ్యమంత్రి యయ్యెను. రాష్ట్రము రాలేదు. ఓటరులను మరల నడిగినవారు లేరు.

ఇచ్చట న్యాయశాస్త్ర మెట్లు నడచెనో గమనింపదగినది. ఇదే చెన్నారెడ్డి 1967లో తాండూరునుండి శాసనసభ కెన్నిక కాగా, వందేమాతరం రామచంద్రరావు దాఖలు చేసిన పిటిషనుపై 1968లో హైకోర్టు ఆ యెన్నికను అక్రమచర్యల కారణమున రద్దుపరచెను. సుప్రీంకోర్టు దానిని ధ్రువపరచెను. ఆరు సంవత్సరముల యనర్హత కలిగెను. ఓటు సంపాదించిన విధానమున దోషమున్నచో చట్టము కేంద్రమంత్రినైనను విడువలేదు. ఓటు పొందిన తరువాత ఆ మాటను విడిచినచో దానికి కన్ను లేదు. ఈ భేదము నేటికిని మారలేదు. ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానములు ప్రజాప్రాతినిధ్య చట్టపు 123వ విభాగము క్రింద అక్రమచర్యలు కావని 2013 జులై 5న సుబ్రహ్మణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు తేల్చెను. వాగ్దానములకు వలయు ధన మెట్లు సమకూరునో స్థూలముగ జెప్పవలెనని ఎన్నికల సంఘము 2014లో ప్రవర్తనా నియమావళికి చేర్చిన భాగము ఆ తీర్పు ఫలమే. అది హితవు మాత్రమే, శిక్ష కాదు.

చట్టము చేయని పనిని ఓటరులైన జేసిరా? 1989లో సనత్‌నగర్ నియోజకవర్గము, అనగా అమీరుపేట ఓటరులు, చెన్నారెడ్డినే శాసనసభకు పంపిరి. ఆయన రెండవమారు ముఖ్యమంత్రి యయ్యెను. దీనిని జనుల మతిమరపని కొట్టివేయుట సులభము. మేమట్లు తలంపము. పదునెనిమిదేండ్లలో నగరమున క్రొత్త జనము వచ్చి చేరెను. పోటీ తెలుగుదేశముతో నుండెను. ఒక్క ఓటుతో ఓటరు పది ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియుండును. అందొకటి పాతబాకీ. వాగ్దానభంగమునకు ఎన్నికయే శిక్ష యను వాదము ఈ చోట బలహీనమగును.

బ్రిటనులో ఎడ్మండ్ బర్క్ 1774 నవంబరు 3న బ్రిస్టల్ ఓటరులతో, ప్రతినిధి వారి యాజ్ఞలకు బద్ధుడు కాడనియు, తన వివేకమునకే బద్ధుడనియు చెప్పెను. మన నాయకులలో చదువుకొన్నవారు దీని నుదాహరింతురు. ఆయన ఈ మాటను గెలిచిన దినమున జెప్పెనన్నదియు, 1780లో అదే బ్రిస్టల్‌లో గెలుపు అసాధ్యమని తెలిసి పోటీనుండి విరమించెనన్నదియు వారు చెప్పరు.

2009 నాటికి పంజగుట్ట రంగస్థలమైనది. అంతకుముందటి సంగతి యొకటి చెప్పవలెను. ‘మాట తప్పడు, మడమ తిప్పడు’ అను తెలుగు నుడి వై. ఎస్. రాజశేఖరరెడ్డి పేరునకు బిరుదువలె నంటుకొన్నది. పంజగుట్ట కూడలిలో ఆయన విగ్రహము గలదు. 2004 మే 14న ప్రమాణస్వీకారము చేసిన దినముననే వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు దస్త్రముపై సంతకము చేసి ఆ మాటను నిలుపుకొనెను. తెలంగాణ విషయమున నట్లు కాలేదు. 2009 ఫిబ్రవరిలో తమకు సూత్రరీత్యా అభ్యంతరము లేదని శాసనసభలో ప్రకటించి, ఏప్రిలు 16న తెలంగాణమున పోలింగు ముగిసిన వెంటనే, నంద్యాల సభలో, రాష్ట్రము విడిపోయినచో హైదరాబాదు పోవుటకు వీసా కావలసివచ్చునను భావమున మాటలాడెను. ఒక్క మనిషిలోనే రెండు నడతలు. మొదటిది తన చేతిలోని కలముతో తీరునది. రెండవది ఇతరుల సమ్మతి లేనిదే తీరనిది. నిలదీయునపుడు ఈ తారతమ్యమును పాటింపవలెనని మా మతము. కలముతో తీరుదానిని తీర్చనివాడు తప్పినవాడు. ఇతరుల సమ్మతి కావలెనని తెలిసియు, తెలియనట్లు మాట యిచ్చినవాని తప్పు మాట యిచ్చిన దినముననే జరిగిపోయినది.

2009 నవంబరు 29న నిరాహారదీక్షకు పూనిన కల్వకుంట్ల చంద్రశేఖరరావును పోలీసులు నిర్బంధించి ఖమ్మమునకు గొనిపోయి, పిదప నిమ్స్‌కు తెచ్చిరి. డిసెంబరు 7న ముఖ్యమంత్రి రోశయ్య పిలిచిన అఖిలపక్ష సమావేశమున, తీర్మానము పెట్టినచో సమర్థింతుమని తెలుగుదేశము మొదలగు పక్షములు పలికెను. 9వ తేదీ రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం రాష్ట్రనిర్మాణ ప్రక్రియను ప్రారంభింతుమని ప్రకటించెను. దీక్ష నిమ్స్‌లోనే ముగిసెను. తెల్లవారునప్పటికి సీమాంధ్ర శాసనసభ్యుల రాజీనామాలు వెల్లువెత్తెను. 23న కేంద్రము విస్తృత సంప్రదింపులు వలయునని వెనుదిరిగెను. ఎవరును నిజముగ నడుగరను నమ్మకముతో నిచ్చిన మాటలు, అడిగిన నాడు నిలువలేదు. చెల్లదని తెలిసి వ్రాసిన హుండీని షావుకారు వద్దకు గొనిపోయినట్లయినది.

ఇచ్చట తెలంగాణ రాష్ట్ర సమితివారు 1971 నాటివారు చేయని పని యొకటి చేసిరి. 2006లోను, 2008లోను, 2010లోను రాజీనామా చేసి మరల ఓటరులకడకు పోయిరి. 2008లో దెబ్బతినిరి. 2010 జులైలో పండ్రెండు స్థానములలో పదునొకటి సమితికిని, ఒకటి భాజపాకును దక్కెను. వ్యూహమని యెవరైన ననుకొనవచ్చును, వ్యూహముకూడ నందున్నది. ఐనను వాగ్దానమునకు గడువు తీరినపుడు పత్రమును తిరుగవ్రాయించుకొను పద్ధతి మనదేశమున ఇంత స్పష్టముగ మరెచ్చటను మాకు గానరాలేదు. 2014 జూన్ 2న రాష్ట్ర మేర్పడెను.

ఇదే పక్షము అధికారమునకు వచ్చిన పిమ్మట సంగతి వేరు. తొలి ముఖ్యమంత్రి దళితుడగునని చెప్పిన నాయకుడు తానే ఆ పీఠ మెక్కెను. భూమిలేని దళిత కుటుంబములకు మూడెకరములన్నది కొన్ని వేల కుటుంబములకు మాత్రమే యందెను. 2018 ప్రణాళికలోని 3,016 రూపాయల నిరుద్యోగభృతి అందనేలేదు. ఈ భృతి కర్హులనదగినవారు అమీరుపేట శిక్షణాలయములలోనే వేలకొలది గలరు. కాని వారిలో పెక్కుర ఓట్లు స్వగ్రామములలో నుండును. 2023లో ఆ ప్రభుత్వ మోడిపోయెను. సనత్‌నగర్, ఖైరతాబాదు స్థానములు మాత్రము దానికే దక్కెను. నష్టపోయినవారు నివసించుచోట శిక్ష పడలేదు.

ఖైరతాబాదునుండి గెలిచిన సభ్యుడు 2024 మార్చిలో కాంగ్రెసులో చేరెను. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక రాజ్యాంగసవరణ సభ్యుని పార్టీకి కట్టివైచెను. పార్టీని దాని ప్రణాళికకు కట్టు త్రాడు ఏ చట్టమునను లేదు. అట్టి త్రాడును న్యాయస్థానములు పేనవలెనని మేము కోరము. కరవు, యుద్ధము, రోగము వచ్చినపుడు ఖజానాను వాగ్దానములకు తాకట్టు పెట్టుట ప్రజలకే చేటు. కాని యే ప్రధానవాగ్దానముపై గెలిచిరో దానిని పూర్తిగ విడిచి, వేరు పక్షమున విలీనమగువారు మరల ఎన్నికకు నిలువవలెనను నియమము చేయుట కష్టము కాదు. 1971లో నది యుండినచో తెలంగాణ చరిత్ర వేరుగా నుండెడిది.

2023 డిసెంబరు 7న క్యాంపు కార్యాలయపు ఇనుపకంచెను తొలగించిరి. ప్రజాభవనమని పేరు మార్చిరి. మరునాడు అర్జీలతో జనము బారులుదీరిరి. ఆ ప్రభుత్వపు గ్యారంటీల కథ యింకను చరిత్ర చేతికి రాలేదు గనుక దానిని స్పృశింపము. పరిశోధకులకు వలసినది ఆధారసామగ్రి. పత్రికలు భద్రమగుచున్నవి గాని, కరపత్రములు, గోడప్రతులు, సభలలో పంచిన ప్రణాళికల ప్రతులు ఎన్నిక ముగిసిన వారమునకే చిత్తుకాగితములలో గలియుచున్నవి. 1971లో ప్రజాసమితి పంచిన కరపత్రములు ఎవరి యిండ్లలోనైన నిలిచియున్నచో, వానిని ముందుగ గ్రంథాలయములకు జేర్పవలసియున్నది.