ముంగిటికి వచ్చిన పందెము

పందెము మానవజాతికి క్రొత్తది కాదు. ఋగ్వేదము పదియవ మండలమున జూదరి దుఃఖమును వర్ణించు సూక్తమొకటి కలదు. ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తుదకు ద్రౌపదిని పాచికలపై నొడ్డిన కథ తెలుగునాట నెఱుగనివారు లేరు. పలనాటి కథలో కోడిపందెమున నోడిన బ్రహ్మనాయుని పక్షమువారు మాచెర్లను విడిచి యేడేండ్లు ప్రవాసమున నుండిరి. ఆ వైరము కారెంపూడి రణరంగమున ముగిసెను. అయితే అట్టి పందెములకు సభయో, బరియో కావలసియుండెను. పందెము ప్రతిదినము ప్రతి యింటి గడపకు వచ్చినచో నేమగునో తెలిసికొనుటకు ఇంగ్లండు దేశ చరిత్ర మిక్కిలి యుపకరించును.

ఆ దేశమున గుఱ్ఱపు పందెములు మొదట ప్రభువుల వినోదము. 19వ శతాబ్ది నడుమ లండను నగరమున పందెపు దుకాణములు వెలసెను. గోడకు గుఱ్ఱముల పట్టిక అంటించి, కూలివాండ్రనుండియు, చిన్న గుమాస్తాల నుండియు రొక్కము పుచ్చుకొనసాగిరి. 1853లో పార్లమెంటు ఆ దుకాణములను నిషేధించెను. కాని ధనికులు పందెపు మైదానమునను, తమ క్లబ్బులలోను అరువుపై పందెము కాయుట కడ్డు లేకపోయెను. పేదవాని పందెము దుకాణము వీడి వీథి మూలకు చేరెను. తంతి వార్తలును, చవుకయైన సాయంకాల పత్రికలును ఫలితములను వెంటనే తెలుపుచుండుటచే నది మఱింత పెరిగెను. 1906లో వీథి పందెములను గూడ నిషేధించిరి; జరిమానాలు చెల్లించుచునే బేరగాండ్రు వ్యాపారము సాగించిరి.

గ్రంథాలయాభిమానులు గమనింపదగిన విశేషమొకటి ఆ కాలముననే జరిగినది. పౌర గ్రంథాలయముల పఠనశాలలకు పందెపు వార్తలకై వచ్చువారు పెక్కురు. వారు పత్రికను వదలక పట్టుకొని యుండుటచే తక్కిన పాఠకులకు స్థలము దొరకకుండెను. అందుచే 1890 ప్రాంతమునుండి కొన్ని గ్రంథాలయములవారు ప్రతి ఉదయము పందెపు వార్తలపై నల్లసిరా పూసి మఱి పత్రికలను బల్లపై నుంచిరి. ఇది జ్ఞానమునకు అడ్డుకట్ట యని కొందఱాక్షేపించిరి. చేతికందుటయే వ్యసనమునకు మూలమని మాత్రము ఆ గ్రంథాలయాధికారులు కనిపెట్టిరి.

1960 చట్టము మఱియొక మార్గము త్రొక్కినది. నిషేధము నిలువదని తలచి, 1961 మే 1వ తేదీనుండి అనుమతి పొందిన దుకాణములను తెఱవనిచ్చిరి. ఉన్న కోరికను తీర్పవచ్చును గాని లేని కోరికను పుట్టింపరాదని వారి సూత్రము. ఆ దుకాణములలో టెలివిజను లేదు, ఫలహారము లేదు, ప్రకటనల ఆర్భాటము లేదు. ఈ కట్టుబాట్లు కాలక్రమమున సడలెను. 1986లో టెలివిజనును, పానీయములను అనుమతించిరి. 2005 నాటి చట్టము 2007లో అమలునకు రాగా టెలివిజనులో పందెపు ప్రకటనలు వెల్లువయ్యెను. దుకాణములలోని యంత్రములపై ఇరువది సెకండ్ల కొకసారి నూఱు పౌనుల వఱకు ఒడ్డవచ్చెను. పెక్కు సంసారములు చెడిన పిమ్మట 2019లో ఆ పరిమితిని రెండు పౌనులకు దించిరి. 2020లో క్రెడిట్ కార్డుతో, అనగా అప్పు సొమ్ముతో, పందెము కాయుటను నిషేధించిరి.

అమెరికాలో 1992 నాటి చట్టము పెక్కు రాష్ట్రములలో క్రీడాపందెములను అడ్డగించెను. 2018లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేయగా, కొలది యేండ్లలోనే 30కి పైగా రాష్ట్రములు వానిని అనుమతించెను. సెల్‌ఫోను ద్వారా పందెము వచ్చిన రాష్ట్రములను రాని రాష్ట్రములతో పోల్చిన ఆర్థికశాస్త్రజ్ఞులు, వచ్చినచోట కుటుంబముల మదుపు తగ్గుటయు, దివాలాలు హెచ్చుటయు గుర్తించిరి. ఈ నష్టము ఒక్కనాట బయటపడునది కాదు. నెలలు, ఏండ్లు గడచిన కొలది కనబడును.

దీని లెక్క సులభము. సమఉజ్జీలగు జట్ల ఆటలో 110 రూపాయలు ఒడ్డి గెలిచినవానికి 100 లాభము వచ్చుట అచ్చటి వాడుక. ఇరువురు చెఱియొక ప్రక్క కాసినచో వ్యాపారికి 220 చేరును. గెలిచినవానికి 210 ఇచ్చి 10 మిగుల్చుకొనును. ఏడాది కొకమాఱు కాయువానికి సగటున పోవునది అయిదు రూపాయలే. బంతి బంతికిని పందెము దొరకు ఫోనులో దినమున కిరువది మాఱులు కాయువానికి ఏడాదికి 36,500 రూపాయలు పోవును. నష్టము పందెపు పరిమాణముకంటె దాని పౌనఃపున్యము వలననే పెరుగుచున్నది. పోయినది రాబట్టుకొనవలెనను ఆశచే పందెము హెచ్చించినవాని సంగతి చెప్పనక్కఱలేదు.

మనదేశమున 1867 నాటి చట్టము జూదపు గృహములను నిషేధించెను. నేర్పుతో కూడిన ఆటలను మినహాయించెను. 1996లో సుప్రీంకోర్టు గుఱ్ఱపు పందెము నేర్పుతో కూడినదని తీర్పు చెప్పినది. ఫోనులో ఆడు డబ్బు ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించెను. 2025 ఆగష్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసినది. అయినను 1906 నాటి వీథి పందెములవలె చాటుమాటు వ్యాపారము చట్టమును తప్పించుకొన జూచుట సహజము.

నాడు నల్లసిరా పూయుటకు కాగితముండెను; జేబులోని ఫోనుపై సిరా పూయువారు లేరు. కావున లెక్క తెలిసిన పాఠకుడే తన గడపకు తాను కాపరి కావలెను. అప్పు చేసినవానిని దూషింపక ఆదుకొను బంధువులును, బిడ్డలకు ఈ లెక్క నేర్పు పెద్దలును, సాయంకాలము యువకుని బల్లయొద్దకు పిలిచి పుస్తకమందించు పఠనశాలయు గ్రామమునకు చట్టముకంటె దగ్గఱి రక్షణములు.