క్రైస్తవ సంగీత పరిచర్య

క్రైస్తవ సంఘారాధనలో పాటలను ఎంపిక చేసి, సంఘం చేత పాడించే సేవను క్రైస్తవ సంగీత పరిచర్య అంటారు. గాయకులు, వాద్యకారులు, గీత రచయితలు ఇందులో పాలుపంచుకుంటారు. ఇది కేవలం ప్రతిభా ప్రదర్శన కాదనీ, బాధ్యతతో కూడిన దైవికమైన పిలుపు అనీ క్రైస్తవుల విశ్వాసం.

పిలుపు

బైబిలులోని మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం ప్రకారం, దావీదు ఆసాపు, హేమాను, యెదూతూనుల కుమారులను దేవాలయ సంగీత సేవకు నియమించాడు. వీరు మొత్తం 288 మంది. గురుశిష్య భేదం లేకుండా చీట్లు వేసి, 12 మంది చొప్పున 24 వంతులుగా వీరిని ఏర్పరచారు. న్యాయం లోపించినచోట పాటల ధ్వనిని దేవుడు తిరస్కరిస్తాడని ఆమోసు గ్రంథం 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. పాటలోని భావం కంటే గాత్రమే తనను ఎక్కువగా కదిలించినప్పుడు తాను పాపం చేసినట్లేనని అగస్టీను (354–430) తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అయినా సంఘంలో పాట ఉండటాన్నే ఆయన సమర్థించాడు.

తెలుగు సంప్రదాయం

తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో పురుషోత్తమ చౌదరి (1803–1890) ప్రముఖుడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగతాళాలు సూచించబడి ఉంటాయి. నాయకుడు చరణం పాడగా, చదువు రానివారు సైతం పల్లవిని అందుకోవచ్చు. ఈ విధంగా పాటను సంఘానికి అప్పగించే గుణం కీర్తన నిర్మాణంలోనే ఉంది.

నగర జీవనంలో

తూర్పు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలలో వివిధ జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవారు ఎక్కువ. ఇటువంటి చోట్ల ఒకే ఆరాధనలో పాత కీర్తనలు ఎరిగిన పెద్దలు, కీబోర్డు, గిటారులతో పాడే కొత్త స్తుతి గీతాలకు అలవాటుపడిన యువకులు కలుస్తారు. ఏ ఒక్క తరమూ మౌనంగా ఉండిపోకుండా చూడటం పాట నడిపించేవారి ముఖ్య కర్తవ్యం.

బాధ్యతలు

* శ్రుతి: గాయకునికి అనువైన శ్రుతి కాక, సంఘం అందుకోగల శ్రుతిని ఎంచుకోవాలి.
* రచయిత గుర్తింపు: కాపీరైటు చట్టం (1957) మతపరమైన సంస్థల మేలు కొరకు ఔత్సాహిక బృందాలు జరిపే ప్రదర్శనలకు మినహాయింపు ఇచ్చింది. కానీ తన రచనకు కర్తగా గుర్తింపు పొందే హక్కు రచయితకు ఉంది.
* పొరుగువారు: శబ్ద కాలుష్య నియమాల (2000) ప్రకారం నివాస ప్రాంతాలలో ధ్వని పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లపై సాధారణంగా నిషేధం ఉంది. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న కాలనీలలో రాత్రి ప్రార్థనలు జరిపేవారు దీనిని తప్పక గమనించాలి.
* నడవడి: పాడే మాటకు, జీవించే తీరుకు పొంతన ఉండాలి. ఆమోసు హెచ్చరిక దీనిని గురించినదే.