పొగలేని మంటకు గొట్టమెందుకు?

నీళ్లు కాచే యంత్రాన్ని మనం 'గీజర్' అంటున్నాము. ఐస్‌లాండు ద్వీపంలో ఉడుకునీటిని ఎగజిమ్మే ఒక ఊట పేరిది. 1868లో లండన్ నగరంలో బెంజమిన్ వాడీ మాగన్ అనే ఆయన తాను కనిపెట్టిన స్నానపు గది యంత్రానికి ఈ పేరు పెట్టినాడు. పైనుండి చన్నీళ్లు దిగుతుండగా, క్రింద మండే గ్యాసు వేడికి అవి అప్పటికప్పుడు కాగేవి. కట్టెలు లేవు, మసి లేదు. కాని మండిన వాయువులు బయటికి పోవడానికి గొట్టం కూడా లేదు!

పొగ వచ్చేచోట పొగగొట్టం కట్టడం మనిషికి పాత అలవాటే. కళ్లు మండితే ఎవరూ చెప్పనక్కరలేదు. కాని గాలిని ముందుగా కలిపి మండించిన గ్యాసుకు పొగ రాదు. 1855 నాటి బున్సెన్ దీపంలో ఉన్న కిటుకు ఇదే. పొగ లేదు కనుక మంటనుండి ఏమీ వెలువడడం లేదని భ్రమపడడం సులభం.

ఈ భ్రమను తరగతిలోనే తొలగించవచ్చును. ఒక చల్లని లోటాను బున్సెన్ మంటపై క్షణకాలం పట్టి చూడండి. దాని అడుగున చెమ్మ కమ్ముతుంది. గ్యాసులోని ఉదజని గాలిలోని ఆమ్లజనితో కలిసి నీటి ఆవిరి అయినది. అట్లే కర్బనం బొగ్గుపులుసు వాయువు అవుతున్నది. ఒక పాలు సహజవాయువు పూర్తిగా మండడానికి సుమారు 10 పాళ్ల గాలి కావలెను. తలుపులు బిగించిన చిన్న గదిలో ఆమ్లజని తరిగేకొద్దీ కర్బనం కొంత అరకొరగా మండి, కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

ఈ విషవాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకొని, ఆమ్లజనికి చోటు లేకుండా చేస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1857 నాటికే చూపినాడు. అనగా మాగన్ యంత్రానికి 11 ఏండ్ల ముందే ఆ సంగతి తెలిసినది. స్నానపు గదిదాకా మాత్రం రాలేదు. 1895లో జాన్ స్కాట్ హాల్డేన్ ఈ వాయువును తానే పీల్చి, నడక తడబడేవరకు తన రక్తాన్ని పరీక్షించుకొన్నాడు. ఆమ్లజనికంటె ఇది హీమోగ్లోబిన్‌ను 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. మొదట తలనొప్పి, తల తిరుగుడు. తరువాత కాళ్లు స్వాధీనం తప్పుతాయి. ప్రమాదమని తెలిసినా లేచి తలుపు తీయలేని స్థితి అది. మూసిన బాలింత గదిలో కుంపటి పెట్టడంలోని అపాయం కూడా ఇదే.

దీనికి మందు గొట్టమే. వేడి వాయువులు తేలికై, నిలువు గొట్టంలో పైకి లేస్తాయి. కాని గొట్టం పెట్టినంతమాత్రాన చాలదు. ఎదురుగాలి వీస్తే వాయువులు వెనుకకు మళ్లవచ్చును. పిట్టగూడు అడ్డుపడవచ్చును. గదిలోకి గాలి వచ్చే దారి లేకుండా, గాలిని బయటికి నెట్టే ఫ్యాను తిప్పితే, గొట్టంలోని విషవాయువే లోపలికి దిగుతుంది. అందుచేత 20వ శతాబ్ది మధ్యకాలంలో వేరొక పద్ధతి వాడుకలోకి వచ్చినది. మంటను పెట్టెలో మూసి, దానికి కావలసిన గాలిని బయటి గోడనుండే తెచ్చి, మండిన వాయువులను ఆ గోడగుండానే బయటికి పంపుతారు. గదిలోని గాలికి, మంటకు సంబంధమే ఉండదు.

పూర్వపు బొగ్గు గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ సహజంగానే ఉండేది. నేటి సహజవాయువులోను, సిలిండరు గ్యాసులోను అది లేదు. అయినా గాలి చాలకపోతే మంటే దానిని పుట్టిస్తుంది. మన దేశంలోను మూసిన స్నానపు గదులలో గ్యాసు గీజర్ల వలన ప్రాణాలు పోయినవి. కనుక గీజరును స్నానపు గది బయట, గాలి ఆడేచోట అమర్చవలెను. గొట్టాన్ని ఏటేటా పరీక్షింపజేయవలెను. నీలి మంట పసుపుపచ్చగా మారితే వెంటనే ఆర్పి, తలుపులు తెరవవలెను. మంట నీలంగా ఉన్నంతమాత్రాన నిశ్చింత పనికిరాదు. కంటికి కనబడే పొగకు మన పెద్దలు దారి విడిచినారు. కనబడని దానికి దారి విడవడం మన వంతు.