తనిఖీకీ తోడుకూ మధ్య: యువజన సేవలో సూపర్‌విజన్ చరిత్ర

యువజన సేవలో ఉన్నవాళ్లు అలసిపోయి మధ్యలోనే పని వదిలేస్తున్నారని ఎవరైనా అంటే, ఈ మధ్య వినిపించే సలహా దాదాపు ఒకటే: ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి. వేళకు నిద్రపోండి, పొద్దున్నే కాస్త నడవండి, ధ్యానం చేయండి, సెలవు రోజున ఫోన్ ఎత్తకండి. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ బడి మానేసిన పిల్లాడి కోసం, ఇల్లు వదిలి వచ్చేసిన అమ్మాయి కోసం, మత్తుకు అలవాటుపడ్డ కుర్రాడి కోసం రోజూ తిరిగే మనిషి అలసటను ఆ మనిషి సొంత అలవాట్లకే వదిలేసి సంస్థ చేతులు దులుపుకోవడానికి ఈ వృత్తి చరిత్ర ఒప్పుకోదు. ఈ రంగం నూట యాభై ఏళ్లలో నేర్చుకున్న పాఠం వేరు. కార్యకర్త నిలబడాలంటే, చేస్తున్న పని గురించి భయం లేకుండా మాట్లాడుకోవడానికి ఒక మనిషినీ ఒక వేళనూ సంస్థే తన ఖర్చుతో, పనిగంటల్లోనే ఏర్పాటు చేయాలి. ఆ ఏర్పాటుకే సూపర్‌విజన్ అని పేరు. అది ఎలా పుట్టిందో, ఎక్కడ పదునెక్కిందో, ఎందుకు నీరుగారిందో చూస్తే, ఎవరి బాధ్యత ఎవరి నెత్తికి ఎక్కిందో కూడా తేలుతుంది.

సూపర్‌విజన్ పుట్టుకలో దయ కంటే అనుమానమే ఎక్కువ. 1869లో లండన్‌లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ ఏర్పడింది. 1877లో అమెరికాలోని బఫెలో నగరం ఆ పద్ధతిని అందుకుంది. దానధర్మాలు ఒక పద్ధతీ పాడూ లేకుండా సాగుతున్నాయనీ, ఒకే కుటుంబం నాలుగు చోట్ల సాయం పుచ్చుకుంటోందనీ ఈ సంఘాల అభియోగం. అందుకే కలిగిన ఇళ్ల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు, ఎక్కువగా స్త్రీలు, పేదల ఇళ్లకు వెళ్లి పరిస్థితి విచారించి వచ్చేవారు. సంఘంలో జీతానికి పనిచేసే ఏజెంట్లు ఆ వివరాలు చూసి, ఎవరికి ఏం చేయాలో సలహా చెప్పేవారు. మొదట ఇది పైనుంచి చూసే చూపే. అయితే స్వచ్ఛంద సేవకులు వస్తూ పోతూ ఉండేవారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. అలా చెప్పగా చెప్పగా తనిఖీ చేసే మనిషే బోధించే మనిషి అయ్యాడు. 1889లో బాల్టిమోర్ సంఘంలో చిన్న ఉద్యోగిగా చేరిన మేరీ రిచ్‌మండ్ 1897లో ఈ పనికి శిక్షణ పాఠశాల కావాలని బహిరంగంగా కోరింది. మరుసటి ఏడాది వేసవిలోనే న్యూయార్క్‌లో తరగతులు మొదలయ్యాయి. మంచి మనసుంటే చాలు, పని అదే వస్తుందన్న నమ్మకానికి అక్కడ మొదటి గండి పడింది.

రెండో మలుపు మనోవిశ్లేషణ నుంచి వచ్చింది. 1920లో మాక్స్ ఐటింగన్, మరికొందరు ఫ్రాయిడ్ శిష్యులు కలిసి బెర్లిన్‌లో తెరిచిన వైద్యశాలలో, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు తాము చూస్తున్న రోగుల గురించి అనుభవజ్ఞుడి దగ్గర కూర్చుని చర్చించడం శిక్షణలో భాగమైంది. రోగి ఏం చెప్పాడన్నది ఒక్కటే సరిపోదు, అది విన్నప్పుడు వైద్యుడికి ఏమనిపించిందన్నదీ లెక్కలోకి రావాలన్న ఆలోచన అమెరికా సామాజిక సేవా పాఠశాలలకూ పాకింది. 1936లో వర్జీనియా రాబిన్సన్ సామాజిక సేవలో సూపర్‌విజన్ గురించే ఒక పుస్తకం రాసింది. 1942లో బెర్తా రేనాల్డ్స్ ఈ పని నేర్చుకునే తీరును ఐదు దశలుగా విడదీసి చూపింది. మొదట తన మీదే ధ్యాస, బెరుకు. తర్వాత మునుగుతానో తేలుతానో అన్నట్టు ఎలాగోలా నెట్టుకురావడం. మూడో దశలో ఎదుట ఏం జరుగుతోందో బాగా తెలుస్తుంది, కానీ తన చేతలు ఇంకా తన అదుపులోకి రావు. నాలుగోది పని మీద పట్టు చిక్కడం, ఐదోది ఇంకొకరికి నేర్పగలగడం. ఈ వరుసలో మూడో దశను ప్రత్యేకంగా గమనించాలి. తెలివి పెరిగేకొద్దీ తన లోపాలూ స్పష్టంగా కనిపించే దశ అది. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే, నేర్చుకుంటున్న కార్యకర్త దాన్ని తన అసమర్థత అనుకునే ప్రమాదం ఉంది.

యువజన సేవలో ఈ పద్ధతి వేళ్లూనిన చోటు 1960ల ఇంగ్లండ్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎక్కువ సంఖ్యలో పుట్టిన పిల్లలు యువకులవుతున్నారు, నిర్బంధ సైనిక సేవ ముగిసిపోతోంది, వీధుల్లో కుర్రాళ్ల గొడవల గురించి పత్రికలు గగ్గోలు పెడుతున్నాయి. ప్రభుత్వం 1958లో ఆల్బమార్ల్ ప్రభువు భార్య అధ్యక్షతన వేసిన కమిటీ 1960 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. పూర్తికాలం పనిచేసే యువజన నాయకులు అప్పటికి సుమారు 700 మంది ఉన్నారు. 1966 నాటికి ఆ సంఖ్య 1,300 కావాలని కమిటీ అడిగింది. వాళ్లను తయారుచేయడానికి 1961లో లెస్టర్‌లో జాతీయ కళాశాల తెరిచి, ఏడాది కోర్సు పెట్టారు. ఇంతమందిని ఇంత తొందరగా పనిలోకి దించితే, వాళ్లు క్లబ్బుల్లో, సందుల్లో ఒంటరిగా పడే తికమకను ఎవరు పట్టించుకోవాలన్న ప్రశ్న దానితోపాటే వచ్చింది.

దానికి జవాబు వెతికినవాళ్లలో జోన్ టాష్ ముఖ్యురాలు. లండన్ వైడబ్ల్యూసీఏ నడిపిన ఒక ప్రయోగంలో కార్యకర్తలు క్లబ్బు గడప తొక్కని కుర్రాళ్ల కోసం కాఫీ స్టాల్ పెట్టి, కప్పు కాఫీతో పరిచయం మొదలుపెట్టారు. ఆ అనుభవాన్ని జార్జ్ గోషియస్‌తో కలిసి టాష్ 1967లో పుస్తకంగా తెచ్చింది. అదే ఏడాది, ఎంపిక చేసిన యువజన కార్యకర్తలకు సూపర్‌విజన్ చేయడం నేర్పిన రెండేళ్ల శిక్షణ గురించి ఆమె మరో పుస్తకం వెలువరించింది. ఈ తరహా సూపర్‌విజన్‌కు ముడిసరుకు కార్యకర్త చేత్తో రాసిన కాగితమే. ఒక సాయంత్రం ఓ కుర్రాడు స్టాల్ దగ్గరికొచ్చి, తన దగ్గర దొంగ సామాను ఉందని గొప్పగా చెప్పాడనుకుందాం. కార్యకర్త నవ్వి ఊరుకున్నాడు. ఇంటికి వెళ్లాక కుర్రాడు అన్నదీ, తాను బదులు చెప్పిందీ, ఆ క్షణంలో తన మనసులో మెదిలిందీ గుర్తున్నంతవరకు వరుసగా రాస్తాడు. సూపర్‌వైజర్ ఆ కాగితం ముందే చదివి, ఎదురుగా కూర్చుని అడుగుతాడు: ఎందుకు నవ్వావు? కుర్రాడు దూరమవుతాడన్న భయమా, వాడి దృష్టిలో పెద్దమనిషిలా కనిపించకూడదన్న కోరికా? మళ్లీ అలాంటి మాట వస్తే ఏం చేస్తావు? అక్కడ తీర్పు ఉండదు, మార్కులు ఉండవు. పై అధికారి ముందైతే ఇదే కార్యకర్త ఆ నవ్వును రాయకుండా దాటేసేవాడు. అందుకే జీతం, బదిలీ, పదోన్నతి ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు కాకుండా వేరొకరు సూపర్‌విజన్ చేయాలన్న సంప్రదాయం బ్రిటిష్ యువజన సేవలో బలపడింది.

అలసటకు శాస్త్రీయమైన పేరు ఆ తర్వాత వచ్చింది. న్యూయార్క్‌లోని సెయింట్ మార్క్స్ ఉచిత వైద్యశాలలో పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ 1974లో 'బర్నౌట్' గురించి వ్యాసం రాశాడు. మత్తుమందులకు బానిసలైన యువకులకు సాయం చేసే స్వచ్ఛంద సేవకుల్లో తగ్గని జలుబు, తలనొప్పి, నిద్రలేమి, చిన్నమాటకే విరుచుకుపడటం అతను గమనించాడు. తనలోనూ అవే కనిపించాయి. పనిలో చేరిన దాదాపు ఏడాదికి ఇది మొదలవుతుందనీ, ఎక్కువగా దెబ్బతినేది అంకితభావం ఉన్నవాళ్లేననీ రాశాడు. అతను సూచించిన మందుల్లో వ్యాయామం ఉంది, నిజమే. కానీ ఎక్కువ భాగం సంస్థ చేయాల్సినవే: పనిగంటలకు హద్దు పెట్టడం, ఒకే మనిషిని ఒకే కష్టమైన పనికి పదేపదే పంపకపోవడం, సెలవు ఇవ్వడం, మనుషుల్ని పెంచడం. క్రిస్టినా మాస్లాక్ 1981లో సుసాన్ జాక్సన్‌తో కలిసి దీనికి కొలమానం తయారుచేసింది. తర్వాత మైకేల్ లైటర్‌తో కలిసి పనిభారం, స్వేచ్ఛ, ప్రతిఫలం, తోటివారు, న్యాయం, విలువలు అనే ఆరు చోట్ల కారణాలు వెతకమంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నౌట్ వైద్యపరమైన జబ్బు కాదనీ, వృత్తికి సంబంధించిన పరిణామమనీ వర్గీకరించింది.

మరి ఇంత తెలిసీ బాధ్యత వ్యక్తి మీదికి ఎలా జారింది? ఒక కారణం సూపర్‌విజన్ లోపలే ఉంది. 1976లో ఆల్ఫ్రెడ్ కడూషిన్ దానికి పాలన, బోధన, ఆసరా అనే మూడు పనులున్నాయని చెప్పాడు. ఈ మూడూ ఒకే మనిషి చేతిలో పడినప్పుడు, తొందర ఎక్కువైతే మొదట గెలిచేది పాలన. లెక్కలకు గడువు ఉంటుంది, ఆసరాకు ఉండదు. ప్రభుత్వ నిధులు లక్ష్యాలకూ ఫలితాల పట్టికలకూ ముడిపడేకొద్దీ, కార్యకర్తతో గడిపే గంట ఎంతమందిని కలిశావు, ఎన్ని ఫారాలు నింపావు అన్న విచారణగా మారింది. రెండో కారణం డబ్బు. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థలు యువజన సేవలపై పెట్టే ఖర్చు 2010 తర్వాత మూడింట రెండు వంతులకు పైగా తగ్గిందని వైఎంసీఏ లెక్క తేల్చింది. మనుషుల్నే తీసేస్తున్నప్పుడు మాట్లాడుకునే గంట ఎక్కడ మిగులుతుంది? ఆ ఖాళీలోకి స్వీయ సంరక్షణ వచ్చి కూర్చుంది, ఎందుకంటే సంస్థకు దానికయ్యే ఖర్చు దాదాపు సున్నా. నిజానికి 1988లో నల్లజాతి కవయిత్రి ఆడ్రి లార్డ్ క్యాన్సర్‌తో పోరాడుతూ తనను తాను చూసుకోవడం గురించి రాసినప్పుడు, తనను కాపాడుకోవడం పోరాటంలో భాగమనే అర్థంలో రాసింది. సంస్థలు తమ బాధ్యత దించుకోవడానికి దాన్ని వాడుకోవాలని కాదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది: పిల్లల భద్రతతో ముడిపడిన పనిలో రహస్యంగా మాట్లాడుకునే గంట ఉంటే తప్పులు దాగిపోవా? దాగిపోవచ్చు. అందుకే ఎవరికైనా హాని జరిగే సూచన ఉంటే ఆ విషయం అక్కడితో ఆగదన్న షరతు ముందే చెప్పుకోవాలి. కానీ అధికారి ముందు ఎవరూ నోరు విప్పని చోట తప్పులు ఇంకా లోతుగా దాగుతాయి. రెండోది: దీనివల్ల నిజంగా ఫలితం ఉందన్న రుజువేది? 2009లో మోర్ బరాక్ బృందం 27 అధ్యయనాలను, మొత్తం 10,867 మంది ఉద్యోగుల సమాచారాన్ని కలిపి చూసి, పనిలో సాయం, మనసుకు ఆసరా ఇచ్చే సూపర్‌విజన్ ఉన్నచోట ఉద్యోగుల పరిస్థితి మెరుగ్గా ఉందని చూపింది. అయితే 2013లో కార్పెంటర్, వెబ్, బోస్టాక్ ఈ రుజువులు ఆశ్చర్యకరంగా బలహీనమని తేల్చారు. చాలా అధ్యయనాలు సూపర్‌విజన్, మంచి ఫలితాలు రెండూ కలిసి కనిపిస్తున్నాయని చెప్పాయే తప్ప, దేనివల్ల ఏది జరిగిందో నిరూపించలేదు. ఇది ఒప్పుకోవాల్సిన మాటే. కానీ ఆ లోపం చూపి సూపర్‌విజన్‌ను పక్కన పెట్టేవాళ్లు, దాని స్థానంలో ఇస్తున్న ధ్యాన తరగతులను కూడా అదే కొలతతో కొలవాలి. మూడోది: పాతకాలం సేవకులకు ఇవన్నీ ఉన్నాయా? లేవు. వాళ్లలో నిలబడ్డవాళ్ల పేర్లు మనకు తెలుసు. ఎంతమంది ఎందుకు వెళ్లిపోయారో ఎవరూ రాసిపెట్టలేదు.

మన దేశానికి ఈ పద్ధతి శిక్షణ రూపంలో వచ్చింది. బొంబాయి నాగ్‌పాడాలో బస్తీ సేవాకేంద్రం నడిపిన అమెరికన్ మిషనరీ క్లిఫర్డ్ మాన్షార్ట్ చొరవతో 1936లో సర్ దొరాబ్జీ టాటా సామాజిక సేవా పాఠశాల మొదలైంది. ఇవాళ్టి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) అదే. విద్యార్థి బస్తీలోనో ఆసుపత్రిలోనో పనిచేసి, రిపోర్టు రాసి, అధ్యాపకుడితో చర్చించే ఫీల్డ్‌వర్క్ పద్ధతిని ఆ తర్వాత వచ్చిన సామాజిక సేవా కళాశాలలూ అనుసరించాయి. చిక్కేమిటంటే, ఆ చర్చ పట్టాతోనే ముగిసిపోతుంది. 1969లో జాతీయ సేవా పథకం, 1972లో నెహ్రూ యువ కేంద్రాలు, 1975లో అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ వచ్చాయి. తెలుగు జిల్లాల్లోనూ వేలమంది ఇలాంటి పనుల్లోకి దిగారు. అంగన్‌వాడీకి సూపర్‌వైజర్ వస్తోందంటే టీచరమ్మ ముందు వెతుక్కునేది రిజిస్టర్లూ, సరుకుల లెక్కలే. నెహ్రూ యువ కేంద్రం వాలంటీరు గౌరవ వేతనం మీద రెండేళ్లకు మించకుండా పనిచేసేవాడు, అంటే రేనాల్డ్స్ చెప్పిన మూడో దశ దాటేలోపే వెళ్లిపోయే వీలుండేది. మన దగ్గర బరువు దింపుకోవడానికి ఇంట్లోవాళ్లూ, స్నేహితులూ, సీనియర్ అన్నలూ ఉన్నారు కదా అంటారు. ఉన్నారు, వాళ్ల ఓదార్పు విలువైనదే. కానీ లైంగిక వేధింపు బయటపెట్టిన అమ్మాయి కథ కార్యకర్త ఇంట్లో చెప్పుకోవడం ఆ అమ్మాయికి అన్యాయం. ఆ మాట చెప్పుకోవడానికి వృత్తిలోనే ఒక చోటు కావాలి.

అది పెద్ద ఖర్చు కూడా కాదు. జిల్లాలో ఉన్న సామాజిక సేవా కళాశాలల అధ్యాపకులు, రిటైరైన అనుభవజ్ఞులు, పక్క సంస్థలోని సీనియర్లు నెలకు ఒకటి రెండు గంటలు ఇస్తే, కార్యకర్త ఒకటి రెండు పేజీలు రాసుకొస్తే చాలు. ఒంటరిగా కుదరకపోతే నలుగురైదుగురు కలిసి కూర్చోవచ్చు. షరతులు మూడే: ఆ సమయం పనిగంటల్లో ఉండాలి, ఎదురుగా కూర్చునేది పై అధికారి కాకూడదు, అక్కడి మాటలు జీతం ఫైలులోకి వెళ్లకూడదు. యువజన పథకానికి నిధులిచ్చే ప్రభుత్వ శాఖలూ దాతలూ ఈ ఖర్చును బడ్జెట్‌లో ప్రత్యేక పద్దుగా చూపమని సంస్థలను అడగాలి. అది లేని పథకంలో చేరిన కార్యకర్తకు ధ్యానం చేయమని చెప్పే హక్కు ఆ సంస్థకు లేదు.