చెరువుపాచిలో తెగలు

ఖిల్లా ఘణపూర్‌లోని గణపసముద్రము కాకతీయుల నాటి చెరువు. ఇట్టి చెరువులలో కనబడు పాచి యంతయు ఒక్కటే జాతి కాదు.

పాచిజాతులకు శైవలములని శాస్త్రనామము. 1836లో హార్వే అను ఐరిష్ శాస్త్రజ్ఞుడు వీనిని ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు తెగలుగను, గాజువంటి పెంకుగల డయాటములుగను విభజించెను. ఆకుపచ్చవి మంచినీట విరివిగా పెరుగును. గోధుమ, ఎరుపు రంగులవి చాలవరకు సముద్రవాసులు.

నీలి ఆకుపచ్చ పాచిని హార్వే ఆకుపచ్చ తెగలోనే చేర్చెను. కాని దాని కణములో కేంద్రకము లేదు. అందుచే నేడది బాక్టీరియాలలో చేర్చబడినది.

ఏ పాచి పెరుగునది నీటి మాలిన్యమును బట్టి మారును. మూసీనది శైవలములపై వెంకటేశ్వర్లు పరిశీలన 1969లో వెలువడినది.

ఈ భేదము తెలియుట గ్రామస్థులకును అవసరమే. నీలి ఆకుపచ్చ తెగలోని మైక్రోసిస్టిస్ కొన్నిచో విషమును పుట్టించును. నీటిపై అట్టి తెట్టు కట్టినచో పశువులను త్రాగనీయరాదు. కాచినను ఆ విషము పోదు.