నీళ్లూ నేలా – 6వ భాగం: జీవో 111లో మన లెక్క ఎక్కడ?



విద్యార్థుల సమావేశాలకు వెళ్లినప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. "అన్నా, జీవో 111 ఉండాలా, పోవాలా?" ఒక్క ముక్కలో చెప్పమంటారు. చరిత్ర చూడకుండా చెప్తే మనం ఎవరిదో ఒకరి జెండా మోసినట్టే. అందుకే మొదటి నుంచి చూద్దాం.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. హైదరాబాద్‌లో వేలాది మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో నగరానికి ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. వరదకు అడ్డుకట్ట పడింది, నగరానికి తాగునీళ్లు వచ్చాయి.

1927ను గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. అంటరానివాళ్లు ప్రభుత్వ చెరువులు వాడుకోవచ్చని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. హక్కు కాగితం మీద ఉంది, చెరువు గట్టు మాత్రం సవర్ణుల చేతిలో ఉంది. మనవాళ్లు తాగాక ఆ చెరువును "శుద్ధి" కూడా చేశారు!

ఇక మన నేలకు రండి. 1985 జూలైలో కారంచేడులో, మాదిగలు తాగే చెరువు నీళ్లను మురికి చేయొద్దని ఒక మాదిగ స్త్రీ అడ్డుపడింది. జూలై 17న దాడి చేసి ఆరుగురిని చంపారు. తాగే నీళ్లు పాడుచేయొద్దన్న మాట మన నోటి నుంచి వస్తే దాని ఖరీదు అది.

పదకొండేళ్ల తర్వాత అదే మాట ప్రభుత్వం అన్నది. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 సారాంశం అదే. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు పెట్టకూడదు. 90 శాతం నేలను వ్యవసాయానికి, తోటలకు, పచ్చదనానికి వదలాలి. ఆ పరిధిలోని భూమి సుమారు 1 లక్ష 32 వేల ఎకరాలు.

మంచి చట్టమే. కానీ మరుసటి ఏడాదే, 1997లో, ఒక ఆముదం నూనె కంపెనీకి ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 డిసెంబర్‌లో కోర్టు ఆ మినహాయింపు చెల్లదంది. తాగునీటికి ముప్పు రాదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమ మీదే ఉందని చెప్పింది. ఆ తీర్పును ప్రతి లా విద్యార్థీ చదవాలి.

2022 ఏప్రిల్ 12న జీవో 69 వచ్చింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లున్నాయి, ఈ జలాశయాల మీద ఆధారపడటం లేదు కాబట్టి ఆంక్షలు తీసేస్తున్నామన్నారు. 2023 మేలో జీవో 111ను పూర్తిగా రద్దు చేస్తున్నట్టు మంత్రివర్గం ప్రకటించింది. చెప్పిన కారణం రైతుల మేలు.

ఏ రైతు? నేను అడిగేది ఇదే. ఆంక్షలు పోతే పట్టా భూమి ధర పెరుగుతుంది. అసైన్డ్ భూమి ఉన్న దళితుడి సంగతేంటి? 1977 చట్టం ప్రకారం ఆ భూమి వారసులకు వస్తుంది, కానీ అమ్మడానికి వీల్లేదు. ధర పెరిగినా అతనికి దక్కేది లేదు. ప్రజా ప్రయోజనం పేరుతో ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలనుకుంటే మొదట కనబడేది మాత్రం ఆ భూమే. ఇక గుంట నేల కూడా లేని కూలీకి? పొలం ప్లాటు అయిన రోజున ఉన్న పనీ పోతుంది. జీవో ఉన్నప్పుడు మనల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తీసేసేటప్పుడూ తీసుకోలేదు.

కాబట్టి నా జవాబు: ఆంక్షలు ఉండాలి, భారం పంచుకోవాలి. ఎగువన కాంక్రీటు పోస్తే కింద మూసీ ఒడ్డున మునిగేది మన బస్తీలే. అందుకే నీళ్ల చట్టం మనది కాదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మనం అడగాల్సినవి మూడు. ఒకటి, 84 గ్రామాల్లో అసైన్డ్ భూమి ఎంత, ఈ రోజు ఎవరి సాగులో ఉంది అన్నది ఊరూరా బయటపెట్టాలి. రెండు, వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలి. చేవెళ్ల ఆర్డీవో పక్షంగా ఉన్న మేకల పాండు కేసులో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే ఈ మాట చెప్పింది. మూడు, నగరం కోసం నేలను కాపాడే పల్లెకు నగరం డబ్బు కట్టాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. న్యూయార్క్ నగరం తనకు నీళ్లిచ్చే కొండప్రాంతపు పల్లెలతో 1997లో అలాంటి ఒప్పందమే చేసుకుంది. ఆ డబ్బులో కూలీకీ వాటా ఉండాలి.

తెలంగాణ పల్లెల్లో తూము ఎత్తి, దించి, చెరువును కాపలా కాసిన నీరళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. నీళ్లను కాపాడటం ఎట్లాగో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కాపలా మనది, ఆయకట్టు వాళ్లది అన్న పాత లెక్కను మాత్రం ఇకనైనా చెరిపేయాలి.

మీ ఊరి అసైన్డ్ భూముల రికార్డు కోసం ఈ వారమే ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. వచ్చే భాగంలో శిఖం భూముల గురించి రాస్తాను.